కరెంటు పోతే ఏది పనికొస్తది: ఇన్వర్టరా, సోలారా, రెండూనా? బెజవాడ, గుంటూరు ఇళ్ల లెక్క

పోయిన ఏప్రిల్‌లో ఓ రోజు మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి గుంటూరు నుంచి బాబాయ్ ఫోన్. "ఒరేయ్, పైన మూడు కిలోవాట్ల సోలార్ ఉంది, ఎండ పెళ్లుమని కాస్తోంది, కింద ఫాన్ తిరగట్లేదేంట్రా" అని. కరెంటు పోయిందా బాబాయ్ అంటే "పోయింది, అందుకేగా సోలార్ పెట్టించుకుంది" అన్నాడు. ఆయన పెట్టించుకుంది ఆన్‌గ్రిడ్, అంటే కరెంటు లైన్‌కి కలిపి నడిపే సోలార్, బ్యాటరీ లేదు. పెట్టినవాళ్లు ఆ ముక్క చెప్పారో లేదో తెలీదు గానీ, బాబాయ్‌కి మాత్రం ఆ రోజు దాకా తెలీదు. పిన్ని వెనకనుంచి "విసనకర్ర కొనుక్కున్నా సరిపోయేది" అంటోంది, అది నాక్కూడా వినపడింది.

ఇది బాబాయ్ ఒక్కడి కథే అయితే నేను ఇంత రాయను, మా కాలనీలో, ఆఫీసులో, ఎవరిని కదిపినా ఇదే అయోమయం. సోలార్ అంటే కరెంటు పోయినా వెలుగుద్ది అనుకుంటారు. ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ అలా పనిచేయదండి. అది లైన్‌లో కరెంటు ఉంటేనే దానితో జత కలిసి నడుస్తది, లైన్ ఆగిందంటే క్షణంలో ఆగిపోవాలి, కావాలనే అలా చేస్తారు. ఎందుకంటే అవతల లైన్‌మేన్ ఫ్యూజు తీసేసి స్తంభం ఎక్కి ఉంటాడు, మీ డాబా మీద నుంచి కరెంటు వెనక్కి లైన్‌లోకి పోయిందంటే ఆయన ప్రాణం పోద్ది. దీన్నే యాంటీ ఐలాండింగ్ అంటారు. అంటే బాబాయ్ ఇన్వర్టర్ చెడిపోలేదు, దాని పని అది సరిగ్గా చేసింది.

కాబట్టి షాపుకి వెళ్లేముందు మిమ్మల్ని మీరు అడగాల్సింది ఒకటే, మీ బాధ కరెంటు బిల్లా, కరెంటు కట్ అవడమా? రెండూ వేరే జబ్బులు, వేరే మందులు. బిల్లు ఎక్కువొస్తోందని బ్యాటరీ కొంటే డబ్బు దండగ, కట్‌లు ఎక్కువని ఆన్‌గ్రిడ్ పెట్టిస్తే బాబాయ్ కథ. రెండు బాధలూ ఉన్నాయంటే అప్పుడు హైబ్రిడ్, అంటే లైన్‌కీ బ్యాటరీకీ రెండింటికీ కలిపే సోలార్ గురించి మాట్లాడుకోవచ్చు, అది కూడా చివర్లో.

కట్ బాధే అయితే ఎలాంటి కట్ అనేది చూడాలి. మా వైపు మూడు రకాలు. ఒకటి రోజువారీ చిల్లర కట్‌లు, వేసవిలో సాయంత్రం లోడు పెరిగి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఏదో ఒకటి కొట్టుకుంటే అరగంట, గంట. రెండోది చెట్ల కొమ్మలు కొట్టడానికి, లైన్ మార్చడానికి ముందే మెసేజ్ పెట్టి పొద్దున ఎనిమిదింటి నుంచి మధ్యాహ్నం దాకా తీసేది. మూడోది తుఫాను, వరద. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు, మొన్న 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా వచ్చినప్పుడు ఇక్కడ అందరం ఫోన్లు, పవర్ బ్యాంకులు ఫుల్ ఛార్జ్ పెట్టుకుని కూర్చున్నవాళ్లమే. ఇక 2024 సెప్టెంబర్ 1 బుడమేరు వరద సంగతి బెజవాడలో సింగ్ నగర్, పాయకాపురం వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. మొదటి రకానికి పనికొచ్చే సామాను మూడో రకానికి పనికిరాదు, మూడో రకం కోసం కొన్నది మొదటి రకానికి మరీ ఎక్కువ. ఒక నెల రోజులు ఫ్రిజ్ మీద కాగితం అంటించి కరెంటు ఎప్పుడు పోయిందో ఎప్పుడొచ్చిందో రాయండి, మా ఆవిడ రాసింది, మేము రోజూ రెండు మూడు గంటలు పోతోంది అనుకున్నాం, రాసి చూస్తే నెల మొత్తం కలిపి తొమ్మిది గంటలు కూడా లేదు. చీకట్లో కూర్చుంటే పది నిమిషాలు గంటలా ఉంటదిగా.

తర్వాత లోడు లెక్క. ఇది షాపువాడికి వదిలేయొద్దు, వాడు ఎప్పుడూ ఒక సైజు పెద్దదే చెప్తాడు. మా ఇంట్లో రాత్రి పడుకునేటప్పుడు తిరిగేవి మూడు మామూలు ఫాన్లు, ఒక్కోటి 75 వాట్లు, ఒక బెడ్‌లైటు, వైఫై డబ్బా, అన్నీ కలిపి 245 వాట్లు అనుకోండి. ఎనిమిది గంటలకి సుమారు రెండు యూనిట్లు. అదే ఫాన్లు బీఎల్‌డీసీవి, అంటే తక్కువ కరెంటు తినే కొత్తరకం మోటరువి అయితే ఒక్కోటి 30 వాట్లు, మొత్తం 110 వాట్లు, ఎనిమిది గంటలకి ఒక యూనిట్ కూడా కాదు. అంటే ఫాన్లు మార్చడం వల్ల రాత్రికి మిగిలేది యూనిట్ పైనే, ఒక 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీ సైజు కొలత) ట్యూబులర్ బ్యాటరీ, అంటే ఇళ్లల్లో ఉండే నీళ్లు పోసే లెడ్ బ్యాటరీ, దానికి హాని లేకుండా ఇచ్చేదాని కంటే ఎక్కువ. మూడు ఫాన్లకి నాకు తొమ్మిది వేల చిల్లర అయింది, బ్యాటరీకి పదిహేను వేలు అడిగారు. బ్యాటరీ మూడు నాలుగేళ్లకి పోద్ది, ఫాన్ ఉంటది, పైగా రోజూ బిల్లు కూడా తగ్గుద్ది. అందుకే ఎవరడిగినా నేను ముందు చెప్పేది ఇదే, బ్యాటరీ కొనేముందు ఫాన్లు మార్చండి. షాపులో ఈ మాట ఎవరూ చెప్పరు, ఫాన్ అమ్మితే వాళ్లకి మిగిలేది ఎంత.

ఫ్రిజ్ గురించి చాలామంది భయపడతారు గానీ అది రోజంతా కలిపి యూనిటో యూనిటున్నరో తింటది, సమస్యల్లా కంప్రెసర్ ఆన్ అయ్యేటప్పుడు ఒక్కసారిగా లాగడం. నీళ్ల మోటరుదీ అదే కథ, ఇంకా ఘోరం, ఒక హెచ్‌పీ మోటరు తిరిగేటప్పుడు వెయ్యి వాట్లు అటూ ఇటూ తీసుకుంటే స్టార్ట్ అయ్యేటప్పుడు దానికి మూడు నాలుగు రెట్లు లాగుద్ది. మోటరు కోసం ఇన్వర్టర్ సైజు పెంచుకోవడం తెలివితక్కువ పని, ఆ డబ్బుతో ఇంకో వెయ్యి లీటర్ల ట్యాంకు పెట్టుకుని కరెంటు ఉన్నప్పుడు నింపుకోండి. గీజరు, ఐరన్ బాక్సు, ఇండక్షన్ స్టవ్ ఇవి అసలు ఇన్వర్టర్ లైన్‌కే కలపొద్దు.

ఇక ఒక్కొక్కటి చూద్దాం. మామూలు ఇన్వర్టర్, ఒక ట్యూబులర్ బ్యాటరీ, సోలార్ లేకుండా, ఇది మనందరికీ తెలిసిందే. ఇన్వర్టర్, బ్యాటరీ కలిపి మాకు పాతిక వేల లోపు చెప్పారు. చిల్లర కట్‌లకి ఇంతకంటే అక్కర్లేదు, నిజంగా అక్కర్లేదు. కొనేటప్పుడు చూడాల్సినవి: స్క్వేర్ వేవ్ కాకుండా ప్యూర్ సైన్ వేవ్ తీసుకోండి, లేకపోతే ఫాన్లు గుయ్యిమంటాయి, మోటార్లు వేడెక్కుతాయి. డబ్బా మీద 1100 వీఏ అని ఉంటే అది 1100 వాట్లు కాదు, 800, 900 వాట్ల దగ్గర ఉంటది, వాట్లు ఎంత అని విడిగా అడగండి. బ్యాటరీ మీద 150 ఏహెచ్ పక్కన సీ10 అని ఉందా సీ20 అని ఉందా చూడండి. సీ10 అంటే పది గంటల్లో ఖాళీ చేసినా 150 ఇస్తది, సీ20 అంటే ఇరవై గంటలు మెల్లగా వాడితేనే 150, కాబట్టి ఒకే నంబరు ఉన్నా సీ10 ది నిజంగా పెద్ద బ్యాటరీ, సోలార్‌కి అయితే సీ10 తప్ప వేరేది వద్దు. 12 వోల్టులు 150 ఏహెచ్ అంటే కాగితం మీద 1.8 యూనిట్లు, కానీ సగం వరకే వాడితే బ్యాటరీ బతుకుద్ది, ఇన్వర్టర్ తినేది పోను చేతికొచ్చేది 0.75, 0.8 యూనిట్లు. మూడు మామూలు ఫాన్లకి మూడు గంటలు హాయిగా వచ్చుద్ది, నాలుగో గంట నుంచి బ్యాటరీ ఆయుష్షు తింటున్నట్టే.

వీటికి డిస్టిల్డ్ వాటర్ మర్చిపోవద్దు. మన ఎండలకి నీళ్లు తొందరగా తగ్గుతాయి, మే నెలలో నెలకోసారి నీళ్ల మట్టం చూపించే ఫ్లోట్ చూడాలి. వేడి బ్యాటరీకి శత్రువు, 25 డిగ్రీల మీద ప్రతి పది డిగ్రీలకి లెడ్ బ్యాటరీ ఆయుష్షు సుమారు సగానికి పడిపోద్ది అంటారు, మనకేమో మే నెల్లో నీడలోనే 45 తగిలే రోజులుంటాయి, బ్లేజ్‌వాడ అని ఊరికే అనలేదు. పడమటి గోడకి ఆనించి, రేకుల షెడ్‌లో పెట్టి, బ్యాటరీ రెండేళ్లకే పోయిందని కంపెనీని తిట్టేవాళ్లని చాలామందిని చూశా. గాలి ఆడే చోట పెట్టండి, ఛార్జ్ అయ్యేటప్పుడు గ్యాస్ వచ్చుద్ది, దీపం పెట్టే పూజగది పక్కన అస్సలు వద్దు.

పెట్టే చోటు గురించి ఇంకో మాట. మా ఇల్లు పాయకాపురంలో, కింద మేము, పైన మేడ మీద రెండు గదులు. ఇన్వర్టర్ ట్రాలీ అందరిళ్లల్లో లాగే మెట్ల కింద ఉండేది. బుడమేరు వచ్చిన ఆ ఆదివారం పొద్దున నీళ్లు గేటు దాటి వచ్చేసరికి మేము చేసింది బియ్యం బస్తా, గ్యాస్ బండ, పిల్లల పుస్తకాలు పైకి మోయడం, ఇన్వర్టర్ సంగతి ఎవరికీ గుర్తు లేదు. ప్లగ్ పీకేసి ఉన్నా అది కరెంటు లేదనుకుని బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది, నీళ్లల్లోంచి పీ పీ అని అరుస్తోంది, నేను దగ్గరికి పోబోతుంటే అమ్మ చొక్కా పట్టుకుని లాగింది. కాసేపటికి దానంతట అదే నోరు మూసుకుంది. నీళ్లు తీశాక చూస్తే బ్యాటరీ మూతల దాకా బురద. నీళ్లల్లో కరెంటు ఇస్తే జనం చచ్చిపోతారు కాబట్టి లైన్లు ఆపేశారు, అది సరైన పనే, కానీ మేడ మీద ఫోను ఛార్జింగ్‌కి కూడా దిక్కులేక ఉన్నాం, పక్కవీధిలో డాబా మీద చిన్న సోలార్ ప్లేటు, బ్యాటరీ ఉన్నాయన ఒకాయన చుట్టుపక్కల వాళ్లందరి ఫోన్లూ తాళ్లు కట్టి బకెట్‌లో లాక్కుని ఛార్జ్ చేసి ఇచ్చాడు. ఆయనకున్నది ఒకే ఒక్క ప్లేటు.

అక్కడే నాకు అర్థమైంది, రోజుల తరబడి కరెంటు లేనప్పుడు బ్యాటరీ ఎంత పెద్దదైనా ఒక రాత్రి, మహా అయితే రెండు. దాన్ని మళ్లీ నింపేది ఏదన్నా ఉంటేనే మూడో రోజు గడుస్తది. మబ్బు రోజున ప్లేటు మామూలుగా ఇచ్చేదాంట్లో నాలుగో వంతు కూడా ఇవ్వకపోవచ్చు, అయినా ఫోన్లకి, రెండు లైట్లకి, ఒక ఫాన్‌కి ఆ మాత్రం చాలు.

అందుకే రెండో దారి, ఉన్న ఇన్వర్టర్‌కే సోలార్ తగిలించడం, లేదా సోలార్ పీసీయూ అని, సోలార్ ఛార్జింగ్ కూడా లోపలే ఉన్న ఇన్వర్టర్ అమ్ముతారు, అది కొనడం. ప్లేట్ల నుంచి బ్యాటరీ ఛార్జ్ అవుద్ది, ఎండ లేకపోతే కరెంటు నుంచి. నెట్ మీటర్ (లైన్‌లోకి పోయింది, లైన్ నుంచి వచ్చింది రెండూ లెక్కేసే మీటర్) అక్కర్లేదు, ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, సబ్సిడీ కూడా రాదు. దీంట్లో ఒక పెద్ద గోతి ఉంది. ఇప్పుడు మార్కెట్లో దొరికే 540 వాట్ల ప్లేటు 40 వోల్టుల మీద కరెంటు ఇస్తది. ప్లేటుకి, బ్యాటరీకి మధ్య ఛార్జ్ కంట్రోలర్ ఉంటది, అందులో చౌకగా వచ్చే పీడబ్ల్యూఎం రకం దాన్ని బ్యాటరీ వోల్టేజీకి లాగేసుద్ది, అంటే 12 వోల్టుల బ్యాటరీకి ఆ ప్లేటు తగిలిస్తే మూడింట రెండు వంతులు గంగపాలు. 540 ప్లేటు పెట్టాలంటే ఎంపీపీటీ, అంటే ఆ ఎక్కువ వోల్టేజీని వృథా చేయకుండా బ్యాటరీకి తగ్గట్టు మార్చే కంట్రోలర్ ఉండాల్సిందే, పీడబ్ల్యూఎం తోనే కానిచ్చేద్దాం అనుకుంటే చిన్నవి, 12 వోల్టుల కోసం చేసిన 165, 200 వాట్ల ప్లేట్లు తీసుకోండి. బెజవాడ గవర్నర్‌పేటలో నేను తిరిగినప్పుడు రెండు షాపుల్లో ఈ జతని సంతోషంగా కలిపి అమ్మబోయారు. ఒకాయన్ని అడిగితే "ఛార్జ్ అయితే అవుద్ది గదండీ" అన్నాడు. అవుద్ది, కాదనను.

ఎంపీపీటీ ఉన్న మంచి పీసీయూ, ఒక 540 ప్లేటు, ఒక 150 సీ10 బ్యాటరీ, ఎండ రోజున రెండు యూనిట్లు వస్తాయి, బ్యాటరీ నిండుద్ది, పగటి ఫాన్లు దాని మీదే తిరుగుతాయి. వరద ప్రాంతంలో ఉన్నవాళ్లకి, పల్లెటూళ్లల్లో పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే ఇళ్లకి నేనైతే దీన్నే చెప్తా.

మూడోది ఆన్‌గ్రిడ్, అంటే బిల్లు మందు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ కింద ఒక కిలోవాట్‌కి 30 వేలు, రెండుకి 60 వేలు, మూడు, ఆపైన ఎంతైనా 78 వేలు సబ్సిడీ. ఇది ప్లేట్లకి, గ్రిడ్‌కి కలిపినదానికి, బ్యాటరీకి పైసా రాదు. ప్లేట్లు మన దేశంలో చేసిన సెల్స్‌తో చేసినవే ఉండాలి, డీసీఆర్ అంటారు, కొంచెం రేటెక్కువ. ఇది లాభమా కాదా అనేది మీ శ్లాబు చెప్తది. 2022లో మార్చిన శ్లాబుల ప్రకారం 126 నుంచి 225 యూనిట్ల దాకా 6 రూపాయలు, 226 నుంచి 400 దాకా 8.75, 400 దాటితే 9.75. నెలకి 400 కాలే ఇంటికి యూనిట్ల ఛార్జీయే రెండున్నర వేలు దాటుద్ది, మిగతా వడ్డింపులు వేరే. మూడు కిలోవాట్లు రోజుకి పన్నెండు యూనిట్లు, నెలకి 360 ఇస్తే ఏడాదికి 29 వేల దాకా మిగులుద్ది. మాకొచ్చిన కొటేషన్లు లక్షా తొంభై వేల దగ్గర ఉన్నాయి, సబ్సిడీ పోను లక్షా పన్నెండు, నాలుగేళ్లలో తిరిగొచ్చేస్తది. అదే నెలకి 150 యూనిట్లే వాడే ఇల్లయితే యూనిట్ల ఛార్జీ ఆరొందలు కూడా కాదు, మూడు కిలోవాట్లు పెట్టి ఏం చేసుకుంటారు? ఒక కిలోవాట్ చాలు, లేదా ఊరుకోవడం ఇంకా మేలు.

నాలుగోది హైబ్రిడ్, లిథియం బ్యాటరీతో. ఎండ ఉంటే ఇల్లు నడుపుద్ది, మిగిలింది బ్యాటరీకి, ఇంకా మిగిలితే లైన్‌కి, కరెంటు పోతే లైన్ నుంచి విడిపోయి ఇంటిని బ్యాటరీ, ప్లేట్ల మీద నడుపుద్ది. చెప్పడానికి ఎంత బాగుందో కదా, ఖర్చు కూడా అంత బాగా ఉంటది. 51.2 వోల్టులు 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అంటే ఐదు యూనిట్లు, చేతికి నాలుగు వస్తాయి, ఆ బ్యాటరీ ఒక్కటే మాకు లక్ష పైన చెప్పారు, హైబ్రిడ్ ఇన్వర్టర్ వేరే. కానీ న్యాయంగా చెప్పాలంటే లిథియం ముందు ట్యూబులర్ తేలిపోద్ది: నీళ్లు పోయక్కర్లేదు, గంటల్లో ఛార్జ్ అవుద్ది, తొంభై శాతం వాడుకున్నా ఏం కాదు, వేల సైకిళ్లు (నింపి ఖాళీ చేయడం ఒక సైకిల్) వస్తాయి. రోజూ వాడేవాళ్లకి పదేళ్లలో చూస్తే లిథియమే చౌక. నెలకి తొమ్మిది గంటలు కట్ ఉన్నవాడికి కాదు. అంత తక్కువ వాడకానికి ట్యూబులర్ చాలు, ఆ సైకిళ్లన్నీ వాడేలోపు మనమే ముసలోళ్లమైపోతాం.

ఏసీ ఆశతో హైబ్రిడ్ వైపు వెళ్లేవాళ్లు ఈ లెక్క చూడండి. టన్నున్నర ఇన్వర్టర్ ఏసీ మే నెల రాత్రి సగటున ఏడెనిమిది వందల వాట్లు లాగిందనుకుంటే ఐదు యూనిట్ల బ్యాటరీ ఐదు గంటలు, అదీ ఇంకేం వేయకుండా. రాత్రంతా కావాలంటే రెండు బ్యాటరీలు. ఒక టన్ను ఏసీ, ఒకే గదిలో అందరూ పడుకుంటే ఒక బ్యాటరీతో ఏడు గంటలు లాగొచ్చు. పాతకాలం ఇన్వర్టర్ కాని ఏసీ అయితే ఆ ఆలోచన మానేయండి, స్టార్టింగ్‌కే ఇన్వర్టర్ ట్రిప్ అవుద్ది.

హైబ్రిడ్ కొనేముందు అడగాల్సిన ప్రశ్నలు మూడు. కరెంటు లేనప్పుడు బ్యాకప్ పోర్టులోంచి ఎన్ని వాట్లు వస్తాయి, ఎందుకంటే ఐదు కిలోవాట్ల ఇన్వర్టర్ అని రాసున్నా బ్యాకప్ తక్కువ ఉండొచ్చు. బ్యాటరీ, ఇన్వర్టర్ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయా, అంటే ఆ బ్యాటరీ పేరు ఆ ఇన్వర్టర్ కంపెనీ లిస్టులో ఉందా. కరెంటు పోయి మారేటప్పుడు ఎన్ని మిల్లీ సెకన్లు, ఇంటి నుంచి పని చేసేవాళ్లకి ఇరవై దాటితే కంప్యూటర్ రీస్టార్ట్ అవుద్ది. ఈ మూడింటికి వాళ్లు వాట్సాప్‌లో రాసి ఇవ్వాలి, నోటి మాట కాదు.

ఇప్పుడు నా అభిప్రాయం. బిల్లూ బాధే, కట్టూ బాధే, కానీ కట్ రెండు మూడు గంటలు మించదు, ఇది మన బెజవాడ, గుంటూరు టౌన్లో చాలా ఇళ్ల పరిస్థితి. వీళ్లకి హైబ్రిడ్ అక్కర్లేదు. ఆన్‌గ్రిడ్ సబ్సిడీతో పెట్టించుకుని, పాత మామూలు ఇన్వర్టర్ అలాగే ఉంచుకుని, ఫాన్లు బీఎల్‌డీసీకి మార్చుకుంటే లక్ష మిగులుద్ది. కట్ అయినంతసేపు సోలార్ పడుకుంటది, పడుకోనీయండి, గంట సేపట్లో పోయేది రెండు యూనిట్లు. బాబాయ్‌కి కూడా చివరికి ఇదే చేయించా, ఒక ఇన్వర్టర్, ఒక బ్యాటరీ, నాలుగు ఫాన్లు. పిన్ని ఇప్పుడు విసనకర్ర ఊసెత్తట్లేదు. హైబ్రిడ్ ఎవరికంటే, కట్‌లు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉండే ఊళ్లకి, ఇంట్లో ఆక్సిజన్ మెషిన్, నిద్రలో ఊపిరికి సాయం చేసే సీప్యాప్ లాంటివి ఉన్నవాళ్లకి, ఇంట్లోనే క్లినిక్కో ఆఫీసో నడిపేవాళ్లకి. వాళ్లు డబ్బు చూసుకోకుండా పెట్టుకోవాల్సిందే.

అపార్ట్‌మెంట్ వాళ్ల సంగతి వేరు, డాబా అందరిదీ కాబట్టి సొంత ప్లేట్లకి అసోసియేషన్ గొడవ. అయితే లిఫ్టు, మోటరు, మెట్ల లైట్ల మీటర్‌కి అసోసియేషన్ తరఫున పెట్టించుకోవచ్చు, దానికి కిలోవాట్‌కి 18 వేలు సబ్సిడీ ఉంది. ఫ్లాట్ లోపలికి అయితే లిథియం బ్యాటరీ లోపలే ఉండే ఇన్వర్టర్లు వస్తున్నాయి, గోడకి తగిలించుకోవచ్చు, చోటు తినవు, ఆసిడ్ వాసన ఉండదు. పెట్రోల్ జనరేటర్ గురించి పెద్దగా చెప్పను, మోత, పొగ, పైగా వరదలో పెట్రోల్ ఎవడు తెస్తాడు.

డాబా మీద పని చేయించేటప్పుడు దగ్గరుండి చూడాల్సింది స్ట్రక్చర్. మనది తుఫాను దారి, 28 కిలోల ప్లేటు ఏడున్నర అడుగుల పొడుగు, గాలి కిందనుంచి పట్టిందంటే తెరచాపే. గాల్వనైజ్డ్ పైపులు, కాంక్రీట్ దిమ్మలు లేదా స్లాబులోకి కెమికల్ యాంకర్, బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీల్. ఆరడుగుల ఎత్తు లేపితే కింద బట్టలారేసుకోవచ్చు అని అడుగుతాం, ఎంత లేపితే అంత గాలి, దానికి తగ్గ పైపులు వేయించాలి. దక్షిణానికి తిప్పి 15 డిగ్రీల వాలు చాలు. ఎర్తింగ్ గుంటలు మూడు, ప్లేట్ల వైపు డీసీ కరెంటుకి ఒకటి, ఇంటి వైపు ఏసీ కరెంటుకి ఒకటి, పిడుగు కడ్డీకి విడిగా ఒకటి. మా వీధిలో ఒకాయనకి ఒకే గుంట తవ్వి మూడు వైర్లూ దాంట్లోనే దించారు, అడిగితే భూమి అంతా ఒకటేగా అన్నారట. ఎండకి ప్లేటు 65, 70 డిగ్రీలు ఎక్కుద్ది, ఆ వేడికి పది పదిహేను శాతం తగ్గిపోద్ది, అందుకే మే కంటే ఫిబ్రవరి, మార్చిలో బాగా వచ్చినట్టు అనిపిస్తే ఆశ్చర్యపోకండి. దుమ్ము పదిహేను రోజులకోసారి కడగండి, తెల్లారగట్లే, ఎండెక్కాక కాలే అద్దం మీద చన్నీళ్లు పోయకండి.

కాగితాల విషయంలో ఒకటి. కరెంటు మీటర్ ఎవరి పేరున ఉందో ముందు చూసుకోండి. మాది ఇంకా తాతయ్య పేరునే ఉంది, ఆయన పోయి పదకొండేళ్లు, దరఖాస్తు, బ్యాంకు ఖాతా, మీటరు పేరు కలవాలిగా, పేరు మార్పుకే చాలా రోజులు తిరిగాను. వెండర్ సూర్యఘర్ పోర్టల్‌లో రిజిస్టర్ అయినవాడే ఉండాలి, సబ్సిడీ మీ ఖాతాలోకి వస్తది, "సబ్సిడీ మేమే తగ్గించి ఇస్తాం" అనేవాడి దగ్గర జాగ్రత్త. 2025 సెప్టెంబర్ 22 నుంచి సోలార్ సామాను మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, పాత కొటేషన్ చూపిస్తే కొత్తది వేయించుకోండి. ప్లేట్లకి 25 ఏళ్ల వారంటీ అంటే అది ఎంత కరెంటు ఇస్తుందనే దానికి, సామాను పాడైతే ఇచ్చే వారంటీ వేరు, ఇన్వర్టర్‌ది ఇంకా వేరు, మూడూ విడివిడిగా రాయించుకోండి.

మా ఇన్వర్టర్ ఇప్పుడు మేడ మీద గదిలో ఉంది, దాని పక్కన పీసీయూ, డాబా మీద రెండు ప్లేట్లు. ట్రాలీ పైకి ఎక్కించడానికి నలుగురు కావాల్సొచ్చింది, ఒక్క బ్యాటరీయే యాభై అరవై కిలోలు, మెట్ల మలుపులో ఆసిడ్ ఒలికి నా ప్యాంటు చిల్లులు పడింది, మీరు మోసేటప్పుడు మూతలు బిగించుకోండి. ఇంకోటి, ఇదంతా వేసవిలో మొదలుపెట్టకండి. ఏప్రిల్ వచ్చిందంటే షాపుల్లో బ్యాటరీ స్టాకు ఉండదు, ఉన్నా బేరం ఉండదు, ఎలక్ట్రీషియన్ ఫోనే ఎత్తడు. బాబాయ్ ఆ ఏప్రిల్‌లో ఆర్డర్ పెడితే సామాను వచ్చేసరికి మే రెండో వారం అయింది, ఈలోపు ఇంట్లో ఎవరెవరికి ఎంతసేపు విసరాలనేది పిన్నే డ్యూటీలు వేసింది.